నా గొంతుకు తగిన పిక్

పక్కింటి బాబాయిగారిని ప్రభువు పిలుచుకున్నారు. ఆదివారం ఆరాధనకు బయల్దేరుతుంటే పిన్నిగారు మా గుమ్మంలోకి వచ్చి, "మీ బాబాయి లేవట్లేదమ్మా" అన్నారు. నేను వెళ్ళేసరికే చేయి చల్లబడింది. చర్చికి తీసుకెళ్ళాల్సిన గిటార్ మాత్రం రాత్రే సంచిలో సర్ది, తలుపు పక్కన నిలబెట్టి ఉంది.

బందరులో మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆయన చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలు చేసేవారు, ఆదివారాలు చర్చిలో గిటార్ వాయించేవారు. మావారు పోయాక నేను పాడడం మానేశాను. గోడ అవతల ఉన్న ఆయనకు అది తెలిసిపోయింది. ఒకరోజు పాత గిటార్ ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

"ఈ వయసులో గిటార్ ఏమిటి బాబాయిగారూ, నవ్వుతారు" అన్నాను.

"నవ్వనీ. ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉండాలమ్మా" అన్నారు.

తీగలు మీటే చిన్న బిళ్ళను పిక్ అంటారు. ఆయనది దళసరి పిక్, చర్చి అంతా పాడుతున్నా పైకి వినిపించేది. నాకూ అలాంటిదే కావాలన్నాను. దాంతో వాయిస్తే నా పాట నాకే వినపడలేదు. పలచనిదేమో వంగిపోయి టపటపలాడేది. చివరికి ఆయనే రోల్డ్ గోల్డ్ రేకు కత్తిరించి, అంచులు నున్నగా రాసి, మెరిసే పిక్ ఒకటి తెచ్చారు. మొదటి పాటలోనే తీగ తెగింది.

"ఇంట్లో ఉన్నదానికి దుద్దులు చెయ్యలేదు గానీ, గిటార్‌కి నగ చేశారు" అని పిన్నిగారు దెప్పారు.

ఆయన ఆ పిక్‌ను ఆవిడ చెవి దగ్గర పెట్టి చూసి, "ఇంకోటి చేస్తే జత అవుతుందిలే" అన్నారు.

మర్నాడు నాలుగైదు రకాల పిక్‌లు నా ముందు పెట్టారు. "ముందు పాడు, తర్వాత మీటు. నీ పాటకి అడ్డం రానిదేదో అదే నీది. నీది చిన్న గొంతు, అదేం తప్పు కాదు" అన్నారు. మరీ పలచనా దళసరీ కాకుండా, మొన గుండ్రంగా ఉన్నది నాకు కుదిరింది. దాన్ని వదులుగా పట్టుకోవడం నేర్చుకోడానికే చాలాకాలం పట్టింది. సాయంత్రాలు నేను గట్టిగా మీటితే ఆయన అటునుంచి గోడ మీద టక్ టక్‌మని కొట్టేవారు. నేను చెయ్యి తేలిక చేసుకునేదాన్ని.

మాలో మనిషి పోయిన ఇంట్లో ఆదరణ కూడిక పెడతాం. అక్కడ ఆయన పిక్ జేబులో వేసుకుని బొటనవేలితోనే వాయించేవారు. "ఏడ్చేవాళ్ళని ఏడవనివ్వాలి కదమ్మా" అనేవారు. ఆయన కూడికలో వాయించాల్సింది నేనే అయింది. మొదలుపెట్టబోతుంటే పిన్నిగారు ఆయన చొక్కా జేబులోంచి ఆ దళసరి పిక్ తీసి నా చేతిలో పెట్టారు.

"దీంతో వాయించమ్మా. ఆయన ఉన్నట్టుంటుంది."

కాదనలేకపోయాను. మీటగానే గది అదిరినట్టయింది. ఆదివారం నుంచీ కన్నీరు పెట్టని పిన్నిగారు బిగుసుకుపోయి కూర్చున్నారు. ఆ పిక్‌ను అరచేతిలోకి జార్చి వేళ్ళు మూసేశాను. బొటనవేలితో మెల్లగా అందుకున్నాను. రెండో చరణంలో ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. వెళ్ళేటప్పుడు పిక్ తిరిగివ్వబోతే, "నీ దగ్గరే ఉంచుకో" అన్నారు.

పిన్నిగారిని కూతురు గుడివాడ తీసుకెళ్ళింది. పక్కింటికి తాళం. నా పిక్‌తో రోజూ పాడుకుంటున్నాను, దేవుని దయవల్ల గొంతు పలుకుతోంది.

నిన్న సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆయన పిక్ తీసి, కావాలనే గట్టిగా వాయించాను. పాట మధ్యలో ఆపి, తీగల మీద అరచెయ్యి ఆనించి, గోడవైపు చూస్తూ కూర్చున్నాను.