మెడలో బిళ్ళ

కుట్టుమిషన్ల హాల్లో ఆమెను అందరూ బిళ్ళక్క అనేవారు. మెడలో ఎప్పుడూ తాడు కట్టిన చెక్కబిళ్ళ వేలాడుతుండేది మరి. లైనులో ఎవరు బాత్రూమ్‌కు వెళ్ళాలన్నా ఆ బిళ్ళ అడిగి తీసుకుని, మెడలో వేసుకుని వెళ్ళాలి. లైను మొత్తానికీ ఒక్కటే బిళ్ళ. కడుపుకి వంతులేం తెలుసు అని కుట్టే ఆడపిల్లలు నవ్వుకునేవారు, నవ్వే ఓపిక ఉన్నప్పుడు.

ఒకప్పుడది లైను ఇన్‌చార్జి దగ్గర ఉండేది. ఆడపిల్ల వెళ్ళి అడిగితే “మళ్ళీనా?” అని నలుగురికీ వినబడేలా అనేవాడు మహానుభావుడు. ఆ మాట పడలేక పిల్లలు మంచినీళ్ళు తాగడమే మానేశారు. అప్పుడామె కూడా మిషను మీద పనిచేసేది. ఓ రోజు మిషను ఆపేసి తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళింది.

“బిళ్ళ ఆడమనిషి దగ్గరుండాలి సార్. లేకపోతే మేమెవరమూ కుట్టం.”

మేనేజరు నవ్వాడు. బిళ్ళ తెచ్చి ఆమె మెడలోనే వేసి, సూపర్‌వైజర్ని చేశాడు. హాలంతా చప్పట్లు. పాపం, ఆమె కూడా కొట్టింది.

ఆ తర్వాత గానీ అసలు సంగతి తెలిసిరాలేదు. లైను పనిలో వెనకబడితే ఎవరినీ పంపొద్దని పైనుంచి మాట వచ్చేది. “కాస్త ఆగవే తల్లీ, ఈ గుడ్డల కట్ట అయిపోనీ” అని ఆమే చెప్పాల్సి వచ్చేది. ఇన్‌చార్జి అంటే తిట్టుకోవచ్చు, సొంత అక్కలాంటిది అంటే ఎవరిని తిట్టుకుంటారు? పోనీ వదిలేసి మళ్ళీ మిషను ఎక్కుదామంటే చూపు మందగించింది, సూదిలో దారం ఎక్కదు. గెలిచి తెచ్చుకున్న తాడే మెడకు చుట్టుకుంది.

ఆ ఉక్కపోతలో ఆమెకు కాస్త ఊపిరి పిచ్చుక. కాలర్లు కుట్టే కొత్తపిల్ల, గొంతు అంత చిన్నది గనక ఆ పేరు పెట్టారు. అన్నాలు తిన్నాక బిళ్ళక్క ఆ పిల్లని స్టూలు ఎక్కించి మాట్లాడించేది.

“తలెత్తవే. కింద ఏం పారేసుకున్నావని వెతుకుతున్నావ్? చివరి మిషను దాకా వినపడాలి!”

పిచ్చుక గొంతు నెమ్మదిగా పెగిలింది. చూస్తుండగానే మిగతా పిల్లల తరఫున కూడా మాట్లాడడం మొదలుపెట్టింది.

ఇంతలో బట్టలు కొనే కంపెనీ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారని కబురు. ఇక్కడ ఆడపిల్లల్ని నాయకులుగా ఎలా తయారుచేస్తున్నారో చూస్తారట. ఓ పిల్ల లేచి మాట్లాడాలి. అందరూ పిచ్చుక పేరే చెప్పారు. మేనేజరు బిళ్ళక్కను పిలిచాడు.

“బాగా నేర్పావమ్మా. ఏం చెప్పకూడదో కూడా నువ్వే నేర్పు. బిళ్ళ మాట ఎత్తిందో, అది మళ్ళీ ఇన్‌చార్జికి పోతుంది. నువ్వు దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి పోతావు. ఆ కళ్ళతో ఎన్నాళ్ళు ఉంటావో నీకే తెలియాలి.”

ఆమె వచ్చి పిచ్చుకతో, “అన్నీ చెప్పు. అదొక్కటీ వద్దు” అంది.

“అదే కదక్కా చెప్పాల్సింది?”

“నా మాట వినవే.”

పిల్ల విన్నది. వినకపోయినా బాగుండేదని బిళ్ళక్క ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది.

పెద్దవాళ్ళు వచ్చిన రోజు పిచ్చుక స్టూలెక్కి బాగానే మొదలుపెట్టింది. కానీ అంతమంది ముందు బెదురుకి మధ్యలోనే బాత్రూమ్‌కు వెళ్ళాల్సి వచ్చింది. బాత్రూమ్ తలుపు పక్కనే ఉంది, వెళ్ళిరావచ్చు. అయితే బిళ్ళ లేనిదే అటు అడుగు వేసే అలవాటు వాళ్ళకు లేదు. మాట మధ్యలో ఆపి, ముందు వరుసలో ఉన్న బిళ్ళక్క వైపు చెయ్యి చాపింది. బిళ్ళక్క చెయ్యి కూడా దానంతటదే మెడ దగ్గరికి వెళ్ళింది.

“ఏమిటది?” అని అడిగింది వచ్చినవాళ్ళలో ఒకావిడ.

“లీడరు గుర్తు మేడమ్. వాళ్ళు అడిగి పెట్టించుకున్నదే” అన్నాడు మేనేజరు.

ఆవిడ బిళ్ళక్క వైపు తిరిగింది. “నిజమేనా?”

బిళ్ళక్క తల దించుకుంది. “అవునండి.”

వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. పిచ్చుక చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, దిగి వెళ్ళి కూర్చుంది.

మర్నాటి నుంచి ఆ పిల్ల బిళ్ళ కోసం రాలేదు. బిళ్ళక్కే దగ్గరికెళ్ళి, “తీసుకోవే” అంటే, “అవసరం లేదక్కా” అంది తల తిప్పకుండా. మిషను పక్కన నీళ్ళసీసా నిండుగా, మూత తియ్యకుండా ఉంది. దాన్ని చూడగానే బిళ్ళక్కకు అర్థమైంది. ఏ కష్టం తప్పించాలని ఆనాడు మిషను ఆపిందో, అదే కష్టాన్ని ఇప్పుడు తన చేత్తోనే పెట్టింది.

తాడు తీసేసింది. బాత్రూమ్ తలుపు పక్కన మేకుకు తగిలించి, “ఇక ఎవరినీ అడగొద్దర్రా, వెళ్ళిరండి” అంది.

సాయంత్రానికల్లా బిళ్ళ ఇన్‌చార్జి మెడలో ఉంది. ఆమె దారాల బల్ల దగ్గర ఉంది.

కొన్నాళ్ళకు ఓ మధ్యాహ్నం ఆమెకే వెళ్ళాల్సి వచ్చింది. లేచింది, కూర్చుంది. ఇన్‌చార్జి కుర్చీలో కాలుమీద కాలేసుకుని ఉన్నాడు. ఈ వయసులో “మళ్ళీనా” అనిపించుకోవాలా? మేనేజరునే నిలదీసిన మనిషి మళ్ళీ లేచి, నేల చూస్తూ నిలబడిపోయింది.

లైనులో ఒక మిషను ఆగింది.

“అక్క వెళ్ళాలి. బిళ్ళ ఇవ్వండి!”

పిచ్చుక లేచి నిలబడింది. ఆ కేక చివరి మిషను దాకా వినపడింది. ఒక్కొక్క మిషనూ ఆగిపోయింది. ఇన్‌చార్జి “మళ్ళీ...” అని మొదలుపెట్టి, హాలంతా తననే చూస్తుంటే నోరు మూసుకుని తాడు తీసిచ్చాడు.

బిళ్ళక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. బిళ్ళ మళ్ళీ మెడలో వేసుకుని, తల మాత్రం దించకుండా నడిచింది.