రాట్నాలను ఆపిన మా అన్న

ఈరోజు మధ్యాహ్నం టీవీలో ఒక అమెరికా నటి పాత చిత్రం వస్తుంటే, ఇవన్నీ మీరు ఆ రోజుల్లోనే చూశారా మామా అని కోడలు అడిగింది. చూడటమేమిటి, నలభైల్లో మా పేటలోని ఆడవాళ్లందరికీ ఈ కథలు అభినయించి చెప్పింది నేనేనని అనేశాను. అది అబద్ధం. చెప్పింది మా పెదనాన్న కొడుకు. ఆయన పోయి ఇన్నేళ్లయినా, ఆయన ఊసు నోటికి రానివ్వని పాత కుళ్లు నాలో ఇంకా చావలేదు.

యుద్ధకాలంలో బెంగళూరు దండులోని, అదే కంటోన్మెంటులోని, థియేటర్లకు అమెరికా చిత్రాలు వచ్చేవి. ఇద్దరం పేట నుంచి నడిచి వెళ్లి నేల టిక్కెట్టులో, తెరకు ముక్కు ఆనేంత దగ్గర కూర్చునేవాళ్లం. కాలేజీ చదువు వల్ల నాకు మాటలన్నీ అర్థమయ్యేవి. పట్టు అంగడిలో దొరసానులకు తానులు పరిచి చూపుతూ నేర్చిన నాలుగు ముక్కలు తప్ప అన్నకు ఇంగ్లీషు రాదు. అయినా మరునాడు మా ఇంటి అరుగు మీద, రాట్నం తిప్పుతూ పట్టునూలు కండెలకు చుట్టే ఆడవాళ్లకు కథ చెప్పేది అన్నే. ఆ నటి పేరుకు వాళ్ల నోరు తిరగదని తెల్లకోక తాయమ్మ అని పెట్టి, ఆమెకొక గయ్యాళి అత్తను కూడా కల్పించాడు. తాయమ్మ కన్నీళ్లు అదిమిపెట్టి తల తిప్పుకున్న తీరు ఆయన చేసి చూపిస్తే రాట్నాలన్నీ ఆగిపోయేవి. నేను ఉన్నదున్నట్టు చెప్పిన రోజున ఒక్కటీ ఆగలేదు. అన్నం ముందు కూర్చున్నా ఆ గిరగిర చప్పుడే నా చెవుల్లో మోగేది.

ఒకనాడు అన్న కథ చివర తాయమ్మను రైలు దించి మొగుడి దగ్గరకు చేరుస్తుంటే ఓర్వలేక, అబద్ధం, ఆమె దిగదు, ఒంటరిగా వెళ్లిపోతుంది, ఈయనకు ఇంగ్లీషే రాదని అందరి ముందూ అరిచాను.

అన్న ముఖం చిన్నబోయింది. "పోయిందిరా, నేనూ చూస్తిని. ఆ బిడ్డ అంత దూరం ఒగతే పోతాంటే మనసు ఒప్పలా. అందుకే దించేస్తి," అన్నాడు.

మా అవ్వ రాట్నం తిప్పుతూనే, "నీకు ఇంగ్లీషు వస్తాదప్పా, కథే రాదు," అంది. అందరూ నవ్వారు, అన్న తప్ప. ఆ తర్వాత ఆయన మళ్లీ ఆ అరుగు మీద కథ చెప్పలేదు.

సాయంత్రం కోడలిని పిలిచి ఉన్న సంగతి చెప్పాను. ఆమె చేతనే దొడ్డబళ్ళాపురంలో ఉన్న అన్న కూతురికి ఫోన్ చేయించాను. అవతల కరెంటు మగ్గాల మోత. అన్న చెప్పిన కథల సంగతి నేను గొంతు చించుకుని చెప్పాల్సి వచ్చింది.

"మా నాయన కథలు చెప్తా ఉండెనా? ఇంట్లో మాట్లాడిందే తక్కువ కదా చిన్నాయనా!" అంది.

 ఆ అమెరికా నటి తెర మీద ఇప్పటికీ పడుచుగానే ఉంది, ఎవరికి కావాలంటే వాళ్లు చూడవచ్చు. మా అన్న ఆడి చూపిన తాయమ్మ మాత్రం, ఆనాడు విన్నవాళ్లంతా కాలం చేశాక, చూసి ఓర్వలేకపోయిన నా ఒక్కడి దగ్గరే మిగిలింది. ఆదివారం పిల్లలను తీసుకుని రమ్మన్నాను. మీ నాయన ఎట్లా చెప్పేవాడో అట్లాగే చెబుతానని మాటిచ్చాను.