మిషన్ ఆగిన ఆదివారాలు

ఇప్పుడు మీకొక మహాగాథ చెప్పబోతున్నాను. ఇందులో జలప్రళయం ఉంది, ఒక యంత్రం పతనం ఉంది, మోకాళ్ల నొప్పులతో డాబా ఎక్కిన ఒక వృద్ధుడి పట్టుదల ఉంది. అయినా అంత ఆశ పెట్టుకోకండి. పోయిన ఆదివారం ఎల్బీనగర్‌లో మా ఇంట్లో వాషింగ్ మిషన్ ఆగిపోయింది, అంతే. లోపలి నీళ్లు బయటికి పోవడం లేదు, గాజు తలుపు వెనకాల బట్టలు తేలుతున్నాయి, మిషన్ మాత్రం గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గుర్రుమంటోంది. ప్లగ్గు పీకి, కాసేపాగి, తలుపు తీస్తే ఏమవుతుందో చూద్దామనుకున్నాను. చూశాం. వంటింటి గుమ్మం దాకా సబ్బునీళ్లు వచ్చాయి.

నా భార్య మెకానిక్‌కి ఫోన్ చేసింది, మధ్యాహ్నానికి వస్తానన్నాడు. ఈలోగా నాయన ఆ తడిబట్టలు రెండు బకెట్లలోకి ఎత్తుకుని మెట్ల వైపు నడిచాడు. ఆపబోయి ఆగిపోయాను. ఆ గుర్రుమనే చప్పుడు ఆయనకూ నాకూ పాత పరిచయం.

పదేళ్ల పైమాట. అప్పుడు కొత్తపేటలో రెండో అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లం. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి నాయన పండ్ల మార్కెట్లో ట్రాలీ ఆటో నడిపేవాడు. అందుచేత మా ఇంట్లో ఉతికే బట్టలకు కూడా సీజన్లుండేవి. ఎండాకాలమంతా మామిడి జీడి మరకలు, మిగతా కాలమంతా బత్తాయి వాసన. నేనేమో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో కౌన్సెలర్‌ని. అంటే బస్టాప్ దగ్గర నిలబడి దారినపోయేవాళ్లకు పాంఫ్లెట్లు పంచుతూ భవిష్యత్తు గురించి భరోసా ఇచ్చేవాణ్ణి. నా భవిష్యత్తు గురించి ఎవరూ అడగలేదు. తెల్లచొక్కా మాత్రం తప్పనిసరి.

ఆ ఏడే అమ్మకు రొమ్ములో గడ్డ ఉందని తెలిసి ఆపరేషన్ చేశారు. కుడి చంకలోని గడ్డలు కూడా తీసేశారు. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ నాయననూ నన్నూ ఎదురుగా నిలబెట్టి, ఇక ఆ చేత్తో బరువులెత్తడం, బట్టలు రుద్దడం, పిండడం లేదని, చెయ్యి వాచిందంటే మళ్లీ తగ్గించడం కష్టమని, చిన్నపిల్లలకు చెప్పినట్టు రెండుసార్లు చెప్పింది. అందుకని పై వాటా వాళ్లు బదిలీ మీద వెళ్తుంటే ముందు తలుపుండే వాళ్ల వాషింగ్ మిషన్ మేం తీసుకున్నాం. అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది. ఎనిమిదిరోజుల్లో పాత గులాబీరంగు చీర కత్తిరించి, నేల దాకా కుచ్చులు దిగే తొడుగొకటి కుట్టింది. ముందు భాగానికి అంటుకుని ఉన్న ప్లాస్టిక్ కాగితం మాత్రం పీకనివ్వలేదు. “ఉండనియ్‌రా, కొత్తగ కనిపిస్తది” అంది. కొన్న ఏడాది దాకా ఫోన్ మీది పొర తీయని తరం మనది, నేనేం మాట్లాడగలను.

ఎనిమిది నెలలకు అది గుర్రుమని ఆగిపోయింది. వచ్చిన మెకానిక్ ఒక రెండు నిమిషాలు దానిమీద చెయ్యివేసి విని, మోటార్ పోయిందని, ఆ మోడల్ సామాను ఇప్పుడు దొరకదని తేల్చి, చాయ్ తాగి వెళ్లాడు. కొత్తది కొనే స్థోమత లేదు, ఉన్న డబ్బు మందులకే సరిపోయేది. కిలోల లెక్కన ఉతికే దుకాణం ఉంది కానీ అది మాలాంటి వాళ్ల రోజువారీ బట్టలకు కాదు, పెళ్లికి పోయొచ్చిన వాళ్లకు. గల్లీలో బట్టలుతికే ఆమెను అడిగితే అన్నీ ఉతుకుతానంది, మార్కెట్ చొక్కాలు తప్ప. మా ఇంట్లో ఉన్నవే అవి.

అట్లా మొదలయ్యాయి ఆదివారాలు. పొద్దున్నే డాబా మీద అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది, కుడిచెయ్యి దిండు మీద. నాయనా నేనూ ఆమె ముందు బండ దగ్గర. అమ్మకొక పద్ధతి ఉండేది. నల్లా నీళ్లు దినం తప్పి దినం వచ్చేవి కాబట్టి అవి నానబెట్టడానికీ ఆఖరి జాడింపుకీ. మధ్య జాడింపులన్నీ బోరు నీళ్లతోనే. బోరు నీళ్లలో నానబెడితే నురుగు రాదు, సబ్బు దండగ. వేడినీళ్లు కావాలంటే నల్ల డ్రమ్ము ఎండలో పెట్టడమే. స్నానపు సబ్బు అరిగిపోయిన ముక్కలన్నీ నా చిరిగిన సాక్సులో వేసి ముడికట్టి, దాంతో కాలర్లు రుద్దించేది. తెల్లవి తీసిన నీళ్లలో రంగువి, ఆ తర్వాత నాయన చొక్కాలు, చివరికి కాళ్లు తుడుచుకునే గుడ్డలు, ఆ మిగిలిన నీళ్లతో మెట్లు.

“గట్ల బాదుతవేందిరా, అది బట్టనా నీ పగోడా? మట్టి పోదు, గుండీలు పోతయి.”

“నువ్వే చెప్పినవు గదా గట్టిగ ఉతుకుమని.”

“నేను చెప్పింది నీకు కాదు, మీ నాయినకు. ఆయన జూడు, చంటిపిల్లకు పోసినట్లు పోస్తున్నడు.”

నాయన నవ్వేవాడు కాదు. మార్కెట్లో పది మందిని అదిలించే మనిషికి డాబా మీద భార్య చీర పిండడం నలుగురూ చూస్తే పరువు తక్కువగా ఉండేది. చీరలు తీగ మీద వేసి వాటికి అడ్డంగా దుప్పటి ఆరేసేవాడు. కింది వాటాలో గుంటూరు వైపు పిన్నిగారుండేది. ఆవిడొక ఆదివారం వడియాలు పెట్టడానికి పైకొచ్చి, “అన్నయ్యగారూ, మా ఇంట్లో కూడా నాలుగున్నాయండీ, పంపించమంటారా?” అంది. నాయన చెవులు ఎర్రబడ్డాయి. మరుసటి వారం ఆవిడ భర్త కూడా బకెట్ పట్టుకుని పైకొచ్చాడు, నాయన వైపు కోపంగా చూస్తూ.

రెండు నెలలకు మాకు పని పట్టుబడింది. నా చొక్కా కాలర్ అద్దంలా మెరిసేది. నాయన చొక్కాల మీద జీడి మరకలు కూడా పలచబడ్డాయి. మేం రోజూ ఒకరి పనితనాన్ని ఇంకొకరు మెచ్చుకునేవాళ్లం. అమ్మ వింటూ ఊరుకునేది.

ఒక సోమవారం టిఫిన్ డబ్బా మరచిపోయి మధ్యాహ్నం ఇంటికొస్తే తలుపు దగ్గరకేసి ఉంది. డాబా మీదికి వెళ్లాను. అమ్మ బండ ముందు గొంతుక్కూర్చుని, కుడిచేత్తో నా చొక్కా కాలర్ రుద్దుతోంది. నన్ను చూసి ఆ చెయ్యి వెనక్కి దాచుకుంది, బలపం తింటూ దొరికిన పిల్లలా.

“ఒక్క కాలరేరా” అంది. “మీరు ఉతికినట్లు ఉతికితే మీ సారు నీ మొఖం చూడడు, మెడ జూస్తడు.”

ప్రతిదానికీ జోకు వేసేవాణ్ణి, ఆ రోజు ఒక్కటి కూడా నోటికి రాలేదు. అరిచాను. ఆ అరుపు విని పైకొచ్చిన పిన్నిగారే అసలు సంగతి చెప్పింది. మేమిద్దరం పనికి వెళ్లాక ప్రతి సోమవారం అమ్మ తీగ మీది బట్టలు ఒక్కొక్కటే చూసి, శుభ్రం కానివి దించి మళ్లీ ఉతికేదట. “వద్దని నేనెన్నిసార్లు అన్నానో బాబూ, వాళ్లు సంతోషపడుతున్నారు, చెప్పకొదినా అంది.” ఆమె కుడిచేతి గాజులు ఒక్కొక్కటే ఎందుకు తీసేస్తూ వచ్చిందో నాకప్పుడు అర్థమైంది. విసుగొచ్చి తీశానని చెప్పింది, బిగుసుకున్నాయని చెప్పలేదు.

చెయ్యి వాచింది. వాపు తగ్గలేదు. మరుసటి ఏడాది జబ్బు తిరగబెట్టి అమ్మ పోయింది. చేతి వాపుకూ దానికీ సంబంధం లేదంది డాక్టరమ్మ. నేను నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ లేదనే చెప్పింది. నాయన ఒక్కసారి కూడా అడగలేదు. మిషన్‌ని పాత ఇనుప సామాన్ల బండివాడికి వేసేశాం, గులాబీరంగు తొడుగు మాత్రం ఆయన మడతపెట్టి దాచుకున్నాడు. నా పెళ్లయ్యాక కొత్త మిషన్ కొంటే, ముందు భాగం మీది ప్లాస్టిక్ కాగితం కూడా తీయకుండా ఆ తొడుగు తెచ్చి దానికి తొడిగాడు.

ఆ తొడుగు కుచ్చులే పోయిన ఆదివారం మెకానిక్ పైకెత్తాడు. ప్లాస్టిక్ కాగితం చింపి, కింద కుడిమూలన చిన్న తలుపు తెరిచి, లోపలి మూత తిప్పి లాగాడు. నీళ్లతోపాటు ఒక రూపాయి బిళ్ల, ఒక గుండీ, బూజులాంటి నూలు ఉండ బయటికొచ్చాయి. కడిగి మళ్లీ బిగించి ప్లగ్గు పెడితే మిషన్ నిమ్మళంగా తిరిగింది. అంతా కలిపి రెండు నిమిషాలు.

అప్పటికి నాయన డాబా మీంచి దిగి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతులింకా తడిగానే ఉన్నాయి.

“గిది పాత మిషన్లకు గూడ ఉంటుండెనా?”

“ముందు తలుపున్న అన్నిటికి ఉంటది పెద్దాయనా. నిండితె గిట్లనే గుర్రుమంటది. మోటార్ పోయిందనుకుంటరు అందరు.”

నాయన వంగి ఆ చిన్న తలుపు తన చేత్తో మూశాడు. తర్వాత బకెట్ తెస్తానని మళ్లీ పైకి వెళ్లాడు. చాలాసేపు దిగి రాలేదు, నేను వెళ్లలేదు.

ఇప్పుడు కొత్తపేటలో ఆ పండ్ల మార్కెట్ లేదు, నాయన చొక్కాలకు మరకలు లేవు, మా అపార్టుమెంటు డాబా మీద తీగలు కట్టొద్దని బోర్డు ఉంది. ఆ రెండు నిమిషాలు అప్పుడే దొరికి ఉంటే అమ్మ చెయ్యి బాగుండేది. ఆ ఆదివారాలు మాత్రం ఉండేవి కావు. ఏది కావాలని నన్నెవరైనా అడిగితే చెయ్యే అంటాను, క్షణం ఆలోచించకుండా. ఎవరూ అడగలేదు.

ఆ మూత నెలకోసారి తీసి కడగాలి. తీసేముందు కింద పళ్లెం పెట్టుకోవాలి, బకెట్ పట్టదు.