చెల్లెలికి లేని నీళ్ళు

మా నాయన దగ్గర ప్రతి మాటకూ ఒక ధాతువు ఉండేది. గిద్దలూరులో బడిపిల్లలకు సంస్కృతం చెప్పేవాడు. సాయంత్రమైతే ఇంటి అరుగు మీద కూడా అదే పని. శ్రద్ధ అంటే గుండెను తీసుకెళ్ళి ఒకచోట పెట్టడమని, విశ్వాసం అంటే భయం లేకుండా ఊపిరి పీల్చుకోవడమని, తర్పణం అంటే తృప్తి కలిగించడమని విడమరచి చెప్పేవాడు. తలుపు వెనక కొర్రబియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ అమ్మ వినేది. "ఇన్ని ధాతువులు నానబోస్తే పూటకు పప్పవుతుందా?" అని నాతో గుసగుసగా అనేది. కానీ విన్న మాట ఒక్కటీ మరిచిపోయేది కాదు. నేను మరిచిపోతే తనే అందించేది.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మాదీ అప్పుడు కర్నూలు జిల్లానే. రాజధాని మా జిల్లాకు వచ్చిందని నాయన మురిసిపోయేవాడు గానీ, అక్కణ్ణుంచి మా వీధికి ఒక డాక్టరైనా నడిచి వచ్చింది లేదు. ఆ ఎండాకాలం మా చెల్లెలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఏడాది దాటిన పిల్ల, అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. నీళ్ళు తాగిస్తే విరేచనాలు ఎక్కువవుతాయని అప్పట్లో అందరూ నమ్మేవాళ్ళు. ఇరుగుపొరుగు అదే చెప్పారు. నాయనా అదే అన్నాడు. తడిగుడ్డతో పెదవులు అద్దితే చాలన్నాడు.

చెల్లెలికి నీళ్ళు అనడం వచ్చేది కాదు. "నీ, నీ" అంటూ కుండవైపు చెయ్యి చాపేది. అమ్మ ఉండబట్టలేక చెంబు ముంచుకొస్తే నాయన అడ్డం నిలబడ్డాడు. "విశ్వాసం పెట్టుకో. తగ్గిపోతాది," అన్నాడు. అమ్మ చెంబు కింద పెట్టేసింది. నీళ్ళు ఆపడం తప్పని ఈనాడు ఎవరిని అడిగినా చెబుతారు. ఆ రోజు మా ఇంట్లో ఉన్న చదువంతా కలిసినా ఆ సంగతి తెలియలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, ఎవరి మీద మండాలో తెలియదు. మర్నాటికి పిల్ల పోయింది.

అంత చిన్నబిడ్డకు దహనం లేదు, కర్మలు లేవు. సగిలేటి ఒడ్డున ఇసుకలో పూడ్చిపెట్టి వచ్చారు. అమ్మ గట్టిగా ఏడవలేదని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఇంట్లో ఎవరు నీళ్ళు తాగినా ఆమె మొహం తిప్పుకునేది. తన గొంతులోకి కూడా కష్టంగా దిగేవి.

తర్వాత వచ్చిన అమావాస్యకు నాయన పెరట్లో కూర్చుని పెద్దలకు నువ్వులూ నీళ్ళూ వదిలాడు. అమ్మ గడపలో నిలబడి చివరిదాకా చూసింది.

"పిల్లకు వదల్లేదే?" అంది.

"రెండేళ్ళు నిండని బిడ్డకు ఉదకం లేదు. శాస్త్రం ఒప్పుకోదు."

"తర్పణమంటే తృప్తి అంటిరి గదా. దప్పికతో పోయింది అది. దానికి గాక ఇంకెవరికి కావాల?"

నాయన వేళ్ళకంటిన నువ్వులు పళ్ళెంలోకి దులుపుకున్నాడు.

"ఆఖర్న ఒకసారి వదిలినారు, అవి ఎవరికి?"

"తల్లీ తండ్రీ, చుట్టం పక్కం ఎవరూ లేనోళ్ళకు."

"అంటే దిక్కులేనోళ్ళకు ఉండాయి. దానికి నేనుండాను, మీరుండారు. అందుకని లేవు. అట్లనే గదా?"

అమ్మ ఎత్తిపొడుపుగా అనలేదు, నిజంగానే అడిగింది. నాయన ఉత్తరీయం భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి చూస్తే అమ్మ ఇంట్లో లేదు. చెంబూ, చెల్లెలికి పాలు పట్టే ఉగ్గుగిన్నే కూడా కనిపించలేదు. నాయనకు అర్థమైంది. "ఆడమనిషి ఒక్కతే అక్కడికి పోయిందేంది! ఊళ్ళోవాళ్ళు చూస్తే ఏమంటారు!" అని కోపంగా బయలుదేరాడు. ఇంట్లో ఉండమన్నా వినకుండా నేను వెనకే పరుగెత్తాను.

ఏరు ఎండిపోయి ఉంది. అమ్మ ఇసుకలో కూర్చుని ఉంది. నక్కలు తవ్వకుండా పిల్ల మీద వేసిన ముళ్ళకంపను పక్కకు లాగేసినట్టుంది, చేతులు గీరుకుపోయాయి. చెంబులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి ఇసుకలోకి నీళ్ళు వంచుతోంది. ఎంత పోసినా ఇసుక తాగేస్తోంది. అది చూసేకొద్దీ ఆమెకు ఆత్రం పెరిగింది. గిన్నె పక్కన పడేసి, రెండు చేతులతో చెంబే ఎత్తి వంచింది.

నాయన దగ్గరికి వెళ్ళాడు. రెక్క పట్టుకుని లేపుతాడని నేను భయపడ్డాను. ఆయన ఆమె పక్కనే కూలబడ్డాడు. మంత్రమేదీ చెప్పలేదు.

"కొంచెం కొంచెంగా పొయ్యవే," అన్నాడు. "పొలమారుతాది."