అడ్జస్ట్ అయ్యేది ఎవరు?

"కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అని మీరు చివరిసారి ఎవరితో అన్నారు? గుర్తు తెచ్చుకోండి. మీకంటే పైవాడితోనా, కిందివాడితోనా?

నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఈ మాట వింటున్నాను. హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వచ్చే బస్సులో ముగ్గురి సీట్లోకి నాలుగో మనిషి ఈ మాటతోనే దూరతాడు. మెకానిక్ బ్రేకుల గురించి, దర్జీ జాకెట్టు చంకల గురించి ఇదే అంటారు. భర్త కొట్టాడని పుట్టింటికి వచ్చిన అమ్మాయికి మా చర్చి పెద్దలు చెప్పిందీ ఇదే.

నిఘంటువు తిరగేశాను. లాటిన్‌లో "దగ్గర" అనే మాటలోంచి పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. దగ్గరికి చేర్చడం, కలపడం దాని మొదటి అర్థం. దారిలో ఎవరో దాన్ని "న్యాయం" అర్థమొచ్చే "జస్ట్" అనే మాటకు చుట్టమనుకుని స్పెల్లింగు మార్చేశారు. అంటే అందులో కనిపించే న్యాయం పొరపాటున వచ్చి చేరింది. మనవాళ్లు ఆ పొరపాటును కూడా దిద్దేశారు. ఉన్న కాస్త న్యాయాన్నీ తీసేసి వాడుతున్నారు.

పైగా మనం దానికొక తెలుగు తోక తగిలించాం. బ్రేకుల్ని అడ్జస్ట్ "చేస్తారు". మనుషులు అడ్జస్ట్ "అవుతారు". స్క్రూ తిప్పే చెయ్యి ఎవరిదో ఆ "అవడం"లో కనబడదు.

నాకు కనబడింది, ఒక మామిడి షెడ్డులో.

మైలవరం రోడ్డులోని ఆ షెడ్డులో మా పిన్ని కాయలు ఏరి ట్రేలలో సర్దుతుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, వేసవిలో జీతం ఉండదు. పోయిన వేసవి సెలవుల్లో నేనూ ఆమెతో పనికి వెళ్లాను. అక్కడ ఆడవాళ్లకు బాత్రూం లేదు. వెనక తోటలోకి వెళ్లాలి. తోటనిండా కోతకొచ్చిన మగవాళ్లు. అందుకని మే నెల ఎండలో ఆడవాళ్లెవరూ నీళ్లు తాగేవారు కాదు. పిన్నికి మూత్రంలో మంట మొదలై జ్వరం పట్టింది. నీళ్లు బాగా తాగమన్నాడు డాక్టరు. తాగాక ఎక్కడికి వెళ్లాలో చెప్పలేదు.

యజమాని ఆఫీసు గదిని ఆనుకుని టైల్స్ వేసిన బాత్రూం ఉంది. ఎప్పుడూ తాళమే. పిన్ని తాళంచెవి అడిగింది.

"అది బయటినుంచి సరుకు కొనే పార్టీలు వస్తే వాడుకోడానికమ్మా," అన్నాడాయన. "సీజనెన్నాళ్లులే, కొంచెం అడ్జస్ట్ అవ్వండి."

నేను ఊరుకోలేదు. "ఆ మాటకి అసలు అర్థం దగ్గరికి చేర్చడమండీ. బాత్రూం మాకు దగ్గరికి చేర్చండి," అన్నాను.

"టీచరుగారు సెలవుల్లో కూడా క్లాసు పీకుతున్నారే!" అని నవ్వి వెళ్లిపోయాడు. నా నిఘంటువుకు ఆ తాళం ఊడలేదు.

మర్నాడు లారీ లోడవుతుండగా పిన్ని ఆయన ఎదురుగానే సీసాడు నీళ్లు గటగటా తాగేసింది. మిగతావాళ్లూ తాగారు. నేనూ తాగాను. అందరం చేతులు కడుక్కుని కింద కూర్చున్నాం.

"ఏంటమ్మా ఇది? లారీ ఆగిపోయింది!"

"తాళం తీస్తే లేస్తామండీ," అంది పిన్ని. "తోటలోకైతే ఇంక ఎవరం వెళ్లం."

"అవతల ఢిల్లీ పార్టీ ఫోన్లో నన్ను తిడుతున్నాడే!"

"ఆయన్ని కొంచెం అడ్జస్ట్ అవ్వమనండి బాబుగారూ."

షెడ్డంతా గొల్లుమంది. లారీ డ్రైవరు కూడా నవ్వాడు. యజమాని నవ్వలేదు గానీ జేబులో చెయ్యి పెట్టాడు.

ఆ తాళంచెవి ఇప్పుడు షెడ్డులో కాటా పక్కన మేకుకు వేలాడుతోంది. అది ఆయన దయ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మీరు పనిచేసే చోట ఆడవాళ్లకు బాత్రూం ఉందా? దాని తాళంచెవి ఎవరి దగ్గరుంది? రేపు పొద్దున్నే వెళ్లి అడగండి. ఇవ్వకపోతే నీళ్లు తాగి కూర్చోండి. ఆ తాళంచెవి మీ జేబులోనే ఉంటే, ఇప్పుడే లేచి మేకుకు తగిలించండి.