పెన్‌డ్రైవ్‌లో మగ్గం చప్పుడు

మాది పామర్రు దగ్గర నేత కుటుంబం. ఈమధ్య గవర్నర్‌పేటలోని ఒక హోల్‌సేల్ షాపుకి చీరలు పట్టుకెళ్లాను. "ఇవి మరమగ్గం చీరల్లా ఉన్నాయండీ," అన్నారు యజమాని.

"ఈ చేతులతో నేశానండీ! సాక్ష్యం చూడండి," అంటూ మా అమ్మాయి ఫోన్‌లో తీసి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన వీడియో ఆయన కంప్యూటర్లో పెట్టించాను. మగ్గం టకటకలాడింది కానీ తెరంతా నలుపే.

"చప్పుడు మరమగ్గానికీ ఉంటుందిగా," అన్నారాయన. ఆర్డరు పోయినట్టేననుకుని చీరలు మళ్లీ మూట కట్టబోయాను.

బిల్లులు కొట్టే అమ్మాయి వచ్చి చూసింది. "కొత్త ఫోన్ల వీడియోల్లో బొమ్మ కనబడాలంటే హెచ్‌ఈవీసీ కోడెక్ అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కావాలి బాబాయ్‌గారూ. ఉచితంగా దొరికేది ఉంది, వేస్తానుండండి," అంది.

డౌన్‌లోడ్ సగమయ్యేదాకా బొమ్మ రావాలని కనకదుర్గమ్మకి మొక్కుతూనే ఉన్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆ వీడియో తీసినప్పుడు నేనెక్కడున్నానో! రావద్దు తల్లీ అని మొక్కు మార్చేలోపే బొమ్మ వచ్చేసింది. మగ్గంలో మా ఆవిడ, పక్కన మంచం మీద కాఫీ తాగుతూ నేను.

యజమాని కళ్లజోడు సవరించుకున్నారు. "చేనేతేనండీ, చేతులే మీవి కావు! ఆర్డరు ఖాయం. బేరం మాత్రం ఆవిడతోనే."

నా కోతలు బయటపడటానికి పైసా ఖర్చు కాలేదని మా ఆవిడ ఇప్పటికీ మురిసిపోతుంది. నేను మాత్రం ఇంట్లో ఫోన్ పైకి లేస్తే చాలు, ముందు కాఫీ గ్లాసు మంచం కిందకి తోసేస్తున్నాను.