దిగుతూ మేసే బండిని చేసిన మదార్ మిస్త్రీ

పోయిన శుక్రవారం పొద్దున్నే కొల్లాపూర్ బస్సు కండక్టరు మహబూబ్‌నగర్‌లో నా గది ముందు నిలబడి, "దొరా, మదార్ మిస్త్రీ పోయిండు. నమాజు కాంగనే మట్టి జేస్తరట" అన్నాడు.  కండువా వేసుకుని అదే బస్సులో బయలుదేరాను. దారి పొడుగునా నన్ను కోసింది దుఃఖం ఒక్కటే అయితే, పత్రికకు ఈ నాలుగు మాటలు రాసేవాణ్ణి కాదు.

కొల్లాపూర్ దగ్గరి మా గడిలో, అంటే మా దొరల కోట ఇంట్లో, ఆయిల్ ఇంజను చూసుకున్న మిస్త్రీ ఆయన. జాగీరు పోయి, నౌకర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక కూడా ఇంజను గది తాళంచెవి ఆయన నడుముకే ఉండేది. బడికి పోలేదు. మోటారు తీగ చుట్టడంలో మాత్రం ఆయనను మించినవాణ్ణి నేను చూడలేదు. బతికున్నన్నాళ్లూ ఆయనను 'వాడు' అన్నాను. 'ఆయన' అని రాయడం ఇదే మొదలు.

మా తాతగారు కలకత్తా నుంచి తెప్పించిన బ్యాటరీ కారు ఒకటి కొట్టంలో పడి ఉండేది. సీటు కింద బ్యాటరీలు, వాటికి ఇంజను గదిలో కరెంటు ఎక్కించాలి. కృష్ణ రేవుకు దిగి, తిరిగి గుట్ట మీది ఘాటు రోడ్డు ఎక్కేసరికి సగం దారిలో ఆగిపోయేది. మదార్ ఆ మోటారును విప్పి, నెలల తరబడి కూర్చుని తీగ మళ్లీ చుట్టాడు. ఆయన ఆలోచన ఇది: దిగుడులో చక్రాలే మోటారును తిప్పాలి. మోటారు కరెంటు పుట్టించి బ్యాటరీలకు తిరిగి పంపాలి. ఆ శ్రమకే బండి నెమ్మదించాలి. మొదటిసారి ఘాటు దిగినప్పుడు కరెంటు మీటరు ముల్లు సున్నా దాటి అవతలికి, బ్యాటరీలు నిండే వైపుకు పోయింది.

"సూసిండ్రా దొరా! ఎద్దు గుట్ట దిగేటప్పుడు ముక్కుతది. మన బండి మేస్తాంది!"

"ఎక్కేటప్పుడు తిన్నదంతా మళ్ల వస్తదా మిస్త్రీ?"

"అంతెక్కడిది? నాలుగు బుక్కలు తింటే ఒక్క బుక్క. గదైనా బ్రేకు రాపిడికి కాలవెట్టుడెందుకు?"

ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "గుట్ట మీదికెల్లి దిగేముందు బ్యాటరీలల్ల జర జాగా ఉంచుండ్రి. నిండుగుంటే, వచ్చే కరెంటు యాడ పోవాలె? లోపల మసులుతది, గ్యాసు పుడతది."

మా ఇంటి పట్టింపు వేరు. బిందె గానీ, దీపం గానీ, ధాన్యం బండి గానీ వెలితిగా మా గడప దాటకూడదు. భూములు పోయాక ఆ పట్టింపు నాలో ఇంకా బిగిసింది.

పట్నం నుంచి ఒక పెద్ద ఇంజనీరు ఆ కారు చూడడానికి వచ్చాడు. పని నచ్చితే మిస్త్రీని తన కార్ఖానాకు తీసుకుంటానని ముందే కబురు పంపాడు. బ్యాటరీలలో పావు వంతు వెలితి ఉంచి మదార్ రాత్రి ఇంటికి వెళ్లాడు. పరాయివాడి ముందు మా తాతగారి బండి వెలితితో కదలడమా అనుకుని, తెల్లవారాక ఆయన రాకముందే నేనే మారు తాళంచెవితో గది తెరిచి, ఇంజను నడిపి నిండా ఎక్కించాను. ఎవరికీ చెప్పలేదు.

ఇంజనీరును ఎక్కించుకుని ఘాటు కిందికి చేరేసరికి సీటు కింద బుసబుసమని చప్పుడు, ఘాటైన వాసన. మదార్ అందరినీ దించి దూరం జరిపి, తానొక్కడే మూత ఎత్తాడు. బ్యాటరీ పేలింది. అందులోంచి చిమ్మిన తేజాబుకు, ఆ యాసిడ్‌కు, ఆయన ఎడమ కన్ను పోయింది. ఏమైందని ఇంజనీరు అడిగితే నా నోటి నుంచి వచ్చిన మాట: "మిస్త్రీ ఏదో కిరికిరి చేసిండు."

దవాఖానలో ఆయన మెల్లగా అన్నాడు: "పొద్దుగాల ఇంజను సప్పుడు ఇన్న దొరా. బాయి నీళ్లు తోడుతున్నరనుకున్న. మూత ఎత్తంగనే సమజైంది. నేను చెప్తే గడి ఇజ్జత్ పోతది. మీరు చెప్తే పోదు."

నేను చెప్పలేదు. కార్ఖానా కొలువు పోయింది. రైతులు మోటార్లు తేవడం మానుకున్నారు. 'పేలుడు మిస్త్రీ' సైకిళ్లకు పంక్చర్లు వేసుకుని బతికాడు. ఎప్పుడైనా ఎదురైతే నవ్వేవాడు: "చెప్పిండ్రా దొరా?"

"ఇంకా లేదు మిస్త్రీ."

"జర జల్ది జేయుండ్రి. నాకు ఉమర్ అయితాంది, ముసలోణ్ణైతున్న."

మట్టి అయ్యాక ఇంటి ముందు ఆయన బిడ్డ ఫాతిమా నన్ను ఆపింది. "దొరా, మా అబ్బా చేసిన బండిల నిజంగనే తప్పున్నదా? గీ ఒక్క ముచ్చట చెప్పుండ్రి." చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. నేను కండువా సవరించుకుని బస్సెక్కాను.

అమ్మా ఫాతిమా, మీ అబ్బా పనిలో తప్పు లేదు. ఆ పొద్దు బ్యాటరీలు నింపింది నేను. అబద్ధమాడింది నేను. కారు కొట్టంలో తుప్పు పట్టింది. ఆ తీగ ఎలా చుట్టాలో తెలిసిన చేతులు మట్టిలో కలిశాయి. అలాంటి పనివాడు మాకు మళ్లీ దొరకడు. వచ్చే శుక్రవారం ఈ పత్రిక పట్టుకుని మీ వాకిట్లోకి వస్తాను. ఊరంతటినీ పిలిచి ఉంచు. నిలబడి నేనే చదువుతాను.